వేదిక మీద పాదపూజ

అత్తయ్యగారి ఎడమకాలి కట్టు విప్పుతూండగా వీధరుగు మీంచి మా ఆయన అడిగారు, భూమిని తల్లి అన్న పాత పద్యాల్లో రాగం తీయడానికి వీలుగా ఉండేది ఏదని. పుండు చుట్టూ దూది అద్దుతూనే చెప్పాను. ఆయన ఎత్తుకుని, సగం పాడి ఆగిపోయారు. మిగతా సగమూ గదిలోంచే అందించాను. బొటనవేలి కింద షుగర్ పుండు, మానినట్టే ఉండి మళ్లీ తిరగబెడుతుంది. దాన్ని కడిగి, మందు రాసి, కట్టు కట్టి, వంట ముగించి అమలాపురం బస్సు పట్టుకోవాలి. అక్కడ కాలేజీలో తెలుగు చెబుతాను. ఆలస్యమైతే మా ప్రిన్సిపాలు “మేడమ్‌గారికి ఇంట్లో ప్రబంధాలు ఎక్కువ” అని స్టాఫ్‌రూమంతా నవ్విస్తారు. ఆ ప్రిన్సిపాలుకి కావలసిన ఉపన్యాసాలు రాసేదీ నేనే, కాలేజీకి అతిథులొస్తే గుమ్మం దగ్గర పన్నీరు చల్లేదీ నేనే.

మా ఆయన సోమేశ్వరరావుగారు వరిచేలూ కొబ్బరితోటా ఉన్న రైతు. గొంతు మంచిది, మనిషి నిండుగా ఉంటారు. అల్లవరం నుంచి కొత్తపేట దాకా ఏ సాహిత్య సభకైనా ఆయన ఉండాల్సిందే. “నీకు చదువుంది, నాకు గొంతుంది. ఎవరు చెబితే ఏముంది పద్మావతీ?” అంటారు. పెళ్లయిన కొత్తలో ఆ మాట నాకు ముద్దుగానే ఉండేది. ఈసారి పంద్రాగస్టు సభకి సాహితీ సమితి వాళ్లు ఇచ్చిన విషయం పాత సాహిత్యంలో కవిత్వం, భక్తి, దేశభక్తి. రాస్తుంటే ఒళ్లు మరిచిపోయాను. ఆ కవులకి దేవుడూ నేలా అమ్మా వేరువేరు కాదు. నేలమీద కాలు మోపాలంటే ముందు ఆ నేలనే క్షమించమని అడిగిన మనుషులు. మా ఆయన కూడా మంచం దిగుతూ నేలకి దణ్ణం పెట్టుకుంటారు. పక్కగదిలో ఉన్న అమ్మకి పుండు ఏ కాలికో మాత్రం ఆయనకి తెలియదు. ఒకసారి కట్టు మార్చమంటే “అలాంటివి ఆడవాళ్ల చెయ్యి పడితేనే బాగుంటాయి” అన్నారు. అత్తయ్యగారు కూడా “వాడికి అసహ్యంలే అమ్మాయ్, పోనీ” అని కొడుకునే వెనకేసుకొచ్చారు. ఆ ఉక్రోషంతోనే ఉపన్యాసం చివర ఒక వాక్యం పెట్టాను. కన్నతల్లి పాదం కడగని చేతికి దేశమాత పాదం ముట్టుకునే అర్హత లేదు అని. గుచ్చుకుంటుందనుకున్నాను. ఆయన అద్దం ముందు నిలబడి చదువుకుని, ఎక్కడ ఆపితే చప్పట్లు పడతాయని నన్నే అడిగారు.

సమితి కార్యదర్శి పోలిరాజుగారు మా ఇంటికొచ్చి ఆ వాక్యం విని కళ్లు తుడుచుకున్నారు. “దీన్ని చేసే చూపిస్తే ఎలా ఉంటదండీ? అమ్మగారిని వేదిక మీద కూర్చోబెడదాం. మీరు కాళ్లు కడగండి” అన్నారు. మా ఆయన “ఆయ్, బాగుంటదండీ” అన్నారు. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని అక్కడే ఉన్నాను. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. ఆ వాక్యం ఎవర్ని పొడవడానికి రాశానో చెప్పాలి. ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను.

సభ రోజు పొద్దున్నే కట్టు తీసేయమన్నారు మా ఆయన. ఫొటోల్లో బాగుండదట, తల్లిని సరిగా చూడటం లేదని జనం అనుకుంటారట. తీసేశాను. పుండుమీద చిన్న దూదిముక్క పెట్టి, కనబడకుండా టేపు అంటించి, పాదాలకి దట్టంగా పసుపు రాశాను. పట్టుచీర కట్టించుకుంటూ అత్తయ్యగారు, “అంతమంది మగాళ్ల ముందు కాళ్లు చాపుకు కూర్చోవాలా అమ్మాయ్?” అని అడిగారు. మామయ్యగారు బతికున్నన్నాళ్లూ ఆయనకి ఎదురుగా కూడా కాళ్లు చాపని మనిషి. “కాసేపేగా అత్తయ్యగారూ” అన్నాను, కుచ్చిళ్లు సర్దుతూ. ఆవిడ మొహం చూడలేక నేను తల దించుకునే ఉన్నాను.

హాలు నిండిపోయింది. ముందు వరసల్లో నా విద్యార్థినులు కూడా ఉన్నారు. మా ఆయన బాగా మాట్లాడారు, పద్యం ఎక్కడా తడబడలేదు. నా వాక్యానికి చప్పట్లు ఆగలేదు. అప్పుడు అత్తయ్యగారి ముందు ఇత్తడి పళ్లెం పెట్టారు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, ఎడమకాలిని సరిగ్గా బొటనవేలి దగ్గరే గట్టిగా పట్టుకున్నారు. ఆవిడ కాలు వెనక్కి లాక్కున్నారు. “సిగ్గుపడకమ్మా” అని నవ్వుతూ మళ్లీ లాగారు. కాలరుకున్న మైకులోంచి ఆ మాట హాలంతా వినబడింది, జనం ముచ్చటపడి చప్పట్లు కొట్టారు. పళ్లెంలో పసుపునీళ్లు ఎర్రబడ్డాయి. అత్తయ్యగారు కళ్లు గట్టిగా మూసుకున్నారు. అప్పుడు మెల్లగా ఆవిడన్న మాట కూడా ఆ మైకులోంచే వచ్చింది.

“ఆ కాలు నీకు తెలవదురా అబ్బాయ్. కోడల్ని పిలు.”

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మా ఆయన తల తిప్పి నాకోసం చూశారు. పద్యం మర్చిపోయినప్పుడు చూసే చూపే అది. పోలిరాజుగారు రమ్మని సైగ చేస్తున్నారు. నేను వెళ్లి నవ్వుతూ పక్కన కూర్చుంటే, ఆలుమగలిద్దరూ కలిసి పాదపూజ చేస్తున్నారని ఆయన మైకులో చెప్పేస్తారు. పరువు నిలబడుతుంది. నేను ఇన్నాళ్లూ చేసిన పనే అది. కానీ నాకు సిగ్గేసింది. మా ఆయన పరువు పోయినందుకు కాదు. నేను రాసిన వాక్యం ఆయనకి గుచ్చుకోలేదు, నలుగురి ముందు కాళ్లు చాపి కూర్చున్న ఆ ముసలావిడకి దిగింది. కట్టు విప్పింది నా చేతులే.

వేదిక ఎక్కాను. పళ్లెం పక్కకి జరిపి, నా పైటకొంగుతో ఆవిడ కాలు ఒత్తి, కుచ్చిళ్లు కిందికి దించి రెండు పాదాలూ కప్పేశాను. “తప్పు నాదే అత్తయ్యగారూ. ఇంటికెళ్లిపోదాం” అన్నాను. ఆవిడ నా భుజం పట్టుకున్నారు. మా ఆయన మైకు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, “ఏదో ఒకటి చెప్పు పద్మావతీ, నలుగురూ చూస్తున్నారు” అన్నారు. ఏం మాట్లాడాలో ఆయనకి చెప్పకుండా ఊరుకోవడం అదే మొదటిసారి. ఇంటినుంచి తెచ్చుకున్న నా సంచిలోంచి దూదీ, మందూ, కట్టు గుడ్డా తీసి ఆయన తడిచేతుల్లో పెట్టాను.

“రేపట్నించి పొద్దున్నే మీరే కట్టాలండీ. అక్కడ చూసేవాళ్లెవరూ ఉండరు.”