ఎడమకాలు, నాలుగో నంబరు

నేను ఒక బూటును. జత అని చెప్పుకోవలసినదాన్నే గానీ నా బతుకు అలా నడవలేదు. ఎడమకాలి బూటును, నాలుగో నంబరు, తెల్ల రెక్సిను పైభాగం, తెల్ల రబ్బరు అడుగు. నన్ను కుట్టింది తమిళనాడులో ఒక కార్ఖానా. అక్కడ నన్ను కుట్టినావిడ పొద్దుటినుంచి సాయంత్రందాకా ఎడమవే కుట్టేది. కుడివి కుట్టే ఆవిడ పక్క వరసలో కూర్చునేది. చివర ఎవరో నన్నూ నా కుడినీ తెచ్చి, ఒకరి మడమ దగ్గర ఒకరి ముక్కు వచ్చేలా పడుకోబెట్టి, పలచని కాగితం కప్పి మూత పెట్టారు. పెట్టె మీద ఒకే ఒక అంకె వేశారు. మనిషికి రెండు పాదాలూ ఒకే కొలతలో ఉంటాయని మా కార్ఖానాలో అందరికీ గట్టి నమ్మకం.

నన్ను కొన్న మనిషి పేరు నూకరత్నం. వయసు నలభై ఏడు. ఉత్తరాంధ్రలో ఒక పెద్ద బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ ఊరి బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో చెప్పడం ఆమె ఉద్యోగం. ఊరి పేరు చెప్పను. ఎందుకు చెప్పనో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

ఆమె దుకాణంలోకి వచ్చి, ఒకే రకంలో నాలుగో నంబరు ఒక జత, ఆరో నంబరు ఒక జత కావాలంది. కొట్టాయన సంబరపడి రెండు పెట్టెలూ దించాడు.

"ఎవరెవరికి మేడం?"

"ఇంట్లో ఇద్దరం ఉన్నామండి" అంది నూకరత్నం.

ఇల్లంటే ఒక గది, ఒక వంటిల్లు. ఇంకెవరూ లేరు. వాళ్ళమ్మ పోయి ఆరేళ్ళయింది. మంచం మీద పెట్టెలు తెరిచి, మా పెట్టెలోంచి నన్ను తీసింది, ఆరో నంబరు పెట్టెలోంచి కుడిదాన్ని తీసింది. మిగిలిన రెంటినీ, అంటే నా కుడినీ ఆ ఆరో నంబరు ఎడమనూ, ఒకే పెట్టెలో సర్ది మంచం కిందికి తోసేసింది. అప్పుడు చూశాను ఆమె కాళ్ళు. మూడో ఏట పోలియో జ్వరం వచ్చి ఎడమకాలు కుడిదానికన్నా రెండంగుళాలన్నర పొట్టిగా, పాదం రెండు నంబర్లు చిన్నదిగా ఉండిపోయింది. ఇంట్లో ఇద్దరం ఉన్నామని ఆమె చెప్పింది మరీ అంత అబద్ధం కాదు.

ఇన్నాళ్ళూ ఆమెకు కొలతలు తీసి నల్లతోలు బూటు చేసిపెట్టే ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయన రిటైరై కొడుకు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన చేసిన ఆఖరి బూటుకు, వేసవిలో ఒక మధ్యాహ్నం, మైకుగదికి ఎక్కే మెట్ల మీద అడుగు ఊడిపోయింది. నూకరత్నం ఏడో మెట్టు మీద కూలబడిపోయింది. లేవలేదు, దిగలేదు. పావుగంటసేపు బస్సులు ప్రకటన లేకుండానే వచ్చాయి, వెళ్ళాయి. మైకు ఎందుకు మాట్లాడటం లేదని ఒక్కరూ పైకి వచ్చి చూడలేదు. చివరికి ఆమే చేత్తో గోడ పట్టుకుని, ఒంటికాలి మీద, మిగిలిన ఏడు మెట్లూ ఎక్కింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. తరవాత నాకు రంగులు వేసేటప్పుడు తనలో తను గొణుక్కుంటూ ఉంటే నేను విన్నాను.

నా అడుగు పెంచడానికి బజారు మలుపులో కూర్చుని చెప్పులు కుట్టే అప్పలకొండ దగ్గరికి తీసుకెళ్ళింది. అతను నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొత్తది కదమ్మా. దీన్ని కొయ్యడానికి సేతులు రావట్లేదు."

"కొయ్యకపోతే నాకు పనికిరాదు, అప్పలకొండా."

"మరైతే ఎంతెత్తు?"

ఆమె రెండు వేళ్ళు పెట్టి, మూడో వేలు సగం చేర్చి చూపించింది. అతను నా అడుగు చీల్చి, మధ్యలో నల్లరబ్బరు పలకలు ఒకదాని మీద ఒకటి అతికించి, అంచులు చెక్కి, కింద మళ్ళీ నా తెల్ల అడుగే వేశాడు. నొప్పి సంగతి అడక్కండి. పని మాత్రం నిజాయితీగా చేశాడు. వేసుకుని నిలబడితే నూకరత్నం భుజాలు రెండూ ఒకే వరసలోకి వచ్చాయి. కానీ పక్కనుంచి చూస్తే నేను తెల్లటి ఇంటి కింద మసిపట్టిన పునాదిలా ఉన్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఆమె ఆ నలుపు కప్పడానికి కూర్చుంది. తలుపుకి వేయగా మిగిలిన తెల్ల ఎనామిల్ డబ్బా ఒకటి ఉంటే, బ్రష్షుతో మందంగా పూసింది. ఆరాక చూసి మురిసిపోయింది. మూడో రోజుకి, రబ్బరు వంగినచోటల్లా ఆ రంగు కోడిగుడ్డు పెంకులా పగిలి మెట్ల మీద రాలింది. పగిలింది పగిలినట్టుండగా నేను కట్టు కట్టిన కాలిలా కనబడ్డాను. ఆమె ఆ వారమంతా చీర కుచ్చిళ్ళు ఇంకాస్త కిందికి దించి కట్టుకుంది.

తరవాత ఫోనులో వీడియోలు చూసింది. ఎవరో అమ్మాయి సొంత బూట్లకు ఇంట్లోనే రంగులు వేసుకునే పద్ధతి చెబుతోంది. ఆ అమ్మాయి పాదాలు రెండూ మా కార్ఖానావాళ్ళు నమ్మినట్టే ఉన్నాయి. అయినా నూకరత్నం ప్రతి మాటా కాగితం మీద రాసుకుంది. నాలోపల న్యూస్‌పేపరు ఉండలు కుక్కింది. గోళ్ళరంగు తుడిచే ద్రావకం దూదికి అద్ది నా మెరుపంతా తుడిచేసింది. రబ్బరును గరుకు కాగితంతో రుద్దింది. రంగు పాకకూడనిచోట టేపు అంటించింది. ఈసారి యాక్రిలిక్ రంగు, పలచగా ఒక పూత. టేబుల్ ఫ్యాను ముందు ఆరబెట్టి మళ్ళీ పూత. ఆ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పూతకీ పూతకీ మధ్య ఆమె నా పక్కనే నేల మీద కూర్చుని, నన్ను చూస్తూ, పొయ్యి మీద పెట్టిన టీ సంగతి మరిచిపోయేది.

మొదట మళ్ళీ తెలుపే వేద్దామనుకుంది. బ్రష్షు ముంచి కూడా ఆగిపోయింది.

"కప్పెట్టడమెందుకు?" అంది పైకి. గదిలో నేను తప్ప ఎవరూ లేరు గనక నాతోనే అనుకున్నాను. "ప్లాట్‌ఫారానికి ఏం చేస్తారు? ఎత్తుంది చూసుకోండని పసుపూ నలుపూ వేస్తారు. అంతే కదా."

నా అడుగు చుట్టూ ఏటవాలుగా పసుపు పట్టీ, నల్లపట్టీ, పసుపు పట్టీ, నల్లపట్టీ. బస్టాండులో ప్లాట్‌ఫారం అంచు ఎలా ఉంటుందో అచ్చం అలాగే. మూడు ఆదివారాలు పట్టింది. మడమ దగ్గర రెండు పట్టీలు కలవక ఒకటి బక్కగా వచ్చింది. చెరిపి మళ్ళీ వేయబోయి, ఉండనిచ్చింది. చివర మెరుపు లేని పారదర్శకపు పూత వేసింది.

సోమవారం చీరను చీలమండ పైకి కట్టుకుని పనికి వెళ్ళింది. బస్టాండు ఆవరణలో ఒక కండక్టరు చూసి, "రత్నం గారూ, ప్లాట్‌ఫారం ఏడో, ఎనిమిదో?" అన్నాడు. ఆమె గట్టిగా నవ్వింది. అతను అప్పటికే బస్సెక్కి ఈల వేశాడు. ఆమె నవ్వు కాసేపు అక్కడే నిలబడిపోయింది. తరవాత మెట్లెక్కింది. ఆ గదిలో ఎనిమిది గంటలపాటు ఆమె కాళ్ళను చూసేవాళ్ళు ఎవరూ లేరు. అందంగా తయారైన రోజున ఆ సంగతి ఇంకొంచెం ఎక్కువ తెలిసింది.

మంచం కింద పెట్టె గురించి ఆమె ఆలోచించడం ఆ రోజుల్లోనే మొదలైంది. కుడికాలు నాలుగు, ఎడమకాలు ఆరు. తన కాళ్ళను అద్దంలో చూసినట్టు. అలాంటి మనిషి ఈ జిల్లాలో ఎక్కడో ఒకచోట ఉండే ఉంటారు కదా, వాళ్ళూ రెండు పెట్టెలు కొని రెండు బూట్లు మంచం కింద దాస్తూ ఉంటారు కదా అనుకుంది. ఎలా వెతకడం? ఆమె చేతిలో ఉన్నది ఒక్కటే.

ఒక మంగళవారం, బస్సుల రద్దీ తగ్గిన వేళ, మైకు మీట నొక్కి, ఎప్పటి గొంతుతోనే అంది: "ప్రయాణికులకు గమనిక. కుడికాలు నాలుగో నంబరు, ఎడమకాలు ఆరో నంబరు గల ఒక జత కొత్త బూట్లు మా వద్ద ఉన్నవి. సరిపోయినవారు ప్రకటన గదిలో సంప్రదించగలరు."

పది నిమిషాల్లో మేనేజరు ఆయాసపడుతూ పైకి వచ్చాడు.

"ఏంటి రత్నం గారూ, ఇది బస్టాండా, చెప్పుల కొట్టా?"

"దొరికిన వస్తువులకు ప్రకటన ఇస్తాం కదా సార్."

"ఎవరు పోగొట్టుకున్నారు?"

"అదే తెలీదు సార్."

ఆయన ఏదో అనబోయి నావైపు చూశాడు. పసుపూ నలుపూ చూశాడు. ఆమె తన కింద పనిచేస్తున్న పదేళ్ళలో ఆయన ఆమె కాళ్ళ వంక చూడటం అదే మొదలనుకుంటాను. "రోజుకి ఒక్కసారి. అంతకుమించి వద్దు" అని దిగిపోయాడు. ఊరి పేరు నేను చెప్పకపోవడం ఆయన కోసం కూడా.

పదహారు రోజులు ఆ ప్రకటన వినబడింది. జనం నవ్వుకున్నారు. ఇద్దరు కుర్రాళ్ళు వేళాకోళానికి పైకి వచ్చి ఆమె లేచి నిలబడగానే మెట్లు దిగి వెళ్ళిపోయారు. పదిహేడో రోజు గురువారం. మెట్ల మీద చప్పుడు. ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా. ఆమెకు ఆ లయ తెలుసు. చేతిలో కాగితం కింద పెట్టేసింది.

వచ్చినాయన పేరు అప్పలసూరి. యాభై దాటి ఉంటాయి. సంతల్లో తక్కెళ్ళు, కాటాలు బాగుచేస్తాడు. గురువారాలు చింతాడవలస సంతకు వెళ్ళాలంటే ఇక్కడ బస్సు మారాలి.

"నాదేనండి ఆ జోడు" అన్నాడు గుమ్మంలోనే. "కుడిది నాలుగు. ఇన్నేళ్ళూ పెద్దదే కొని గుడ్డలు కుక్కి ఏసుకుంతన్నాను."

ఇంటినుంచి తెచ్చి బల్ల కింద ఉంచిన పెట్టెను ఆమె తీసింది. నా కుడి అతని పాదానికి అతికినట్టు సరిపోయింది. ఆరో నంబరు ఎడమ మాత్రం సగందాకా వెళ్ళి ఆగిపోయింది. అతను వేళ్ళు ముడిచాడు, నెట్టాడు, నిలబడి తొక్కాడు. లాభం లేకపోయింది.

"ఏడో నంబరండి నాది" అన్నాడు, తనదే తప్పయినట్టు.

"ఫరవాలేదండి. కూర్చోండి."

కూర్చున్నాడు. నన్ను చూసి, "ఇదేటండి, ఇలగ రంగులేసేరు?" అన్నాడు.

"ఎత్తుంది, చూసుకోమని."

అతను మోకాలు చరుచుకుని నవ్వాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. "నా పెళ్ళి ఫొటోలో నాను ఇటికి మీద నిలబడ్డానండి. మావోళ్ళు దాని మీద పువ్వులు పోసి కప్పెట్టేరు."

"నేను ఫొటోలన్నింట్లో కూర్చునే ఉంటాను" అంది నూకరత్నం. "గ్రూపు ఫొటోలో టీచర్ల వరసలో కూర్చోబెట్టారు. అందరూ నేనే హెడ్‌మిస్ట్రెస్ అనుకునేవారు."

అలా ఒక ఇరవై నిమిషాలు. నేను ఆమె కాలికి వచ్చాక ఆమె ఒక్క మనిషితో అంతసేపు మాట్లాడగా వినలేదు. మధ్యలో రెండు బస్సులకు ప్రకటన ఆలస్యమైంది. అప్పుడు అతని బస్సు వచ్చింది. ఆమే చెప్పాలి కదా, చెప్పింది. చెప్పి, అతను మెట్లు దిగడానికి ఎంతసేపు పడుతుందో తనకు తెలుసు గనక, మళ్ళీ మీట నొక్కింది. "చింతాడవలస బస్సు డ్రైవరు గారికి మనవి. ఒక ప్రయాణికుడు వస్తున్నారు. దయచేసి రెండు నిమిషాలు ఆగగలరు." ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆమె ఏ బస్సునూ ఆపలేదు.

అతను సరిపోయినదాన్ని, నా కుడిని, సంచీలో వేసుకున్నాడు. పెట్టెతోపాటు తెచ్చి ఉంచిన మిగిలిన రంగు సీసాలు రెండూ ఆమె ఇచ్చింది. "మళ్ళీ గురువారం కనబడతానండి, ఎత్తు కట్టించుకుని తెస్తాను" అని దిగాడు. కిటికీలోంచి ఆమె అతను బస్సెక్కేదాకా చూసింది. అతను తలెత్తలేదు. మెట్టు చూసుకుని ఎక్కడంలో ఉన్నాడు. మా బోటివాళ్ళకు అది తప్పదు.

తరవాతి గురువారం ఆమె టీ రెండు గ్లాసులు తెప్పించింది. ఆ పై గురువారం కూడా. ఎనిమిది గురువారాలు అతను రాలేదు. ఒంట్లో బాగాలేదో, సంత మార్చుకున్నాడో, వేరే దారిన పోతున్నాడో. ఫోను నంబరు అడగాలని ఇద్దరికీ తోచలేదు. బూట్ల ప్రకటన ఆగిపోయింది. మిగిలిపోయిన ఒక్క ఎడమ ఆరు కోసం మైకులో ఏమని చెప్పాలో ఆమెకు తెలియలేదు.

తొమ్మిదో వారంలో, తన సెలవురోజైన ఆదివారం, నూకరత్నం చింతాడవలస బస్సెక్కింది. ప్రకటన ఇంకెవరో చేశారు. గురువారం కాదు, ఆదివారం. సంత ఉండదని ఆమెకు తెలుసు. అతను ఉండని రోజునే ఎంచుకుంది.

సంత మైదానం ఖాళీగా ఉంది. గుడారాలకు పాతిన గుంజలు, ఎండిన అరటాకులు, వాన వెలిసిన ఎర్రమట్టి. బోరింగు దగ్గర బిందె నింపుకుంటున్న ఒక ముసలావిడ ఆమెను చూసింది.

"సంత గురువారం కదమ్మా. ఇయ్యాల వొచ్చినావేటి?"

"తెలుసండి."

"మరి?"

"ఊరు చూద్దామని."

"ఏటుందమ్మా ఇక్కడ సూడ్డానికి?"

కాటాలు బాగుచేసే ఆయన గురించి అడగాలన్న మాట నూకరత్నం పెదవులదాకా వచ్చింది. పాదం నాలోపల బిగుసుకుంది. ఆ ప్రశ్నకు జవాబు మంచిదీ కావచ్చు, చెడ్డదీ కావచ్చు. బాగానే ఉన్నాడని తెలిసినా, లేడని తెలిసినా, ఆ జవాబు పట్టుకుని ఒక్కతే తిరుగు బస్సెక్కాలి. అడగలేదు.

"రోజూ ఈ ఊరి పేరు చెబుతానండి" అంది. "ఒకసారి నడుద్దామని."

ముసలావిడకు అర్థం కాలేదు. తలూపి, బిందె చంకనెత్తుకుని వెళ్ళిపోయింది.

ఆమె గుంజల మధ్యనుంచి నడిచింది. మట్టి మెత్తగా ఉంది. నా పసుపు పట్టీలు అప్పటికే రెండుచోట్ల రేగాయి, వాటి మీద ఎర్రమట్టి ఎక్కింది. వెనక ఒక లోతైన అడుగు, ఒక తేలికైన అడుగు, ఒక నాలుగు, ఒక ఆరు, వరసగా పడుతూ వచ్చాయి. మైదానం ఆ చివరికి వెళ్ళి, ఆగి, ఊపిరి తీసుకుంది. తిరుగు బస్సుకు ఇంకా గంటంబావు ఉంది. ఆమె చీర కాస్త పైకెత్తి పట్టుకుని, రెండో చుట్టు మొదలుపెట్టింది.