కారుమబ్బుల్లో రంగేసుకున్న కారు

నేను ఒక కారును. పేరులోనే నా జాతకం ఉంది: వానొస్తే తలుపు సందుల్లోంచి కారతాను. మొదట ఒక డాక్టరుగారి దగ్గర ఎర్రగా, కొత్త పెళ్ళికూతురిలా ఉండేదాన్ని. ఎండకి నా నెత్తి గులాబీ రంగుకి తిరగ్గానే ఆయన నన్ను విశాఖలో, సముద్రం పక్క వీధిలో ఉండే సన్యాసిరావుకి అంటగట్టాడు. సన్యాసిరావు ఉప్పు నేనెన్నడూ తినలేదు. ఉప్పుగాలే నన్ను తింది.

శ్రావణంలో ఆయన భార్య నూకరత్నం తీర్పు చెప్పేసింది.

"మా అన్నయ్య కూతురి పెళ్ళికి పెళ్ళికొడుకుని ఈ తుప్పు డబ్బాలో కూకోబెడితే నా పరువేటవుద్దండీ? అప్పటికి తళతళ్ళాడిందా సరే, లేదా పాతినుప కొట్టుకే!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. వెంటనే పెయింటర్ పైడిరాజు వచ్చాడు. రంగు చిమ్మే కంప్రెసర్ కన్నా ఆయన గొంతే పెద్దది. పైన కారుమబ్బులు, కింద కారు.

"బాబూ, గాలంతా తడే. ఇప్పుడు కొడితే తేమ రంగులో ఇరుక్కుపోద్ది. పాలు కలిపినట్టు తెల్లగైపోద్ది, ఆనక బుడగలొస్తాయి. కాస్త ఎండ కాయనీండి."

"ఎండ ఎప్పుడైనా వస్తది. ముహూర్తం వస్తదేటి? గురువారం దాటితే పెళ్ళిలోగా మంచి గడియే లేదన్నారు పంతులుగారు," అన్నాడు సన్యాసిరావు.

"పంతులుగారు పంచాంగం సూసారు గాని ఆకాశం సూసారా?"

అంటూనే కొట్టాడు. పరదా బయట వాన, లోపల రంగు. అది ఆరకముందే సన్యాసిరావు పళ్ళెంతో వచ్చి, నా బానెట్ నడిమధ్యన బొటనవేలితో పసుపు అద్ది, దాని మీద కుంకుమ నొక్కాడు. పైడిరాజు పెట్టిన కేకకి కంప్రెసర్ నోరు మూసుకుంది.

తెల్లారేసరికి ఎర్రబడాల్సినదాన్ని తెల్లబోయాను. బొట్టు మాత్రం వేలిముద్రతో సహా అతుక్కుపోయింది.

"గీకేసి, ఎండొచ్చాక మళ్ళీ కొడతాను," అని పైడిరాజు గరుకు కాగితం తీశాడు. బతికాననుకున్నాను. అప్పుడే నూకరత్నం వచ్చింది.

"ఓలమ్మో! పెళ్ళి ముందు బొట్టు సెరుపుతావేట్రా? తియ్ సెయ్యి!"

"అది బొట్టు కాదమ్మా, మరక!"

"మరకేటి నీ మొకం! లచ్చిందేవి లాగుంటే!"

"మరి పాతినుప కొట్టుకన్నావు కదే," అని సన్యాసిరావు గొణిగాడు.

"బొట్టెట్టినదాన్ని తుక్కులో ఏస్తారేటండీ, బుద్ధుందా?"

అలా మరణశిక్ష రద్దయింది. తెల్లబోయిన చోటల్లా బంతిపూలు కప్పి, బొట్టు మాత్రం కనపడేలా వదిలి, పెళ్ళికొడుకుని నాలోనే ఎక్కించారు. నూకరత్నం తన పరువుని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని వచ్చింది.

ఇప్పుడు ఎండలు మండిపోతున్నాయి. రంగుకి ఇంతకన్నా మంచి రోజులుండవు. పైడిరాజు రోజూ అటు వెళ్తూ సూర్యుణ్ణి చూస్తాడు, నన్ను చూస్తాడు, నూకరత్నం గుమ్మంలో ఉందేమో చూస్తాడు, వెళ్ళిపోతాడు. బుడగల కింద ఉప్పు తన భోజనం తాను చేస్తోంది. దారిన పోయేవాళ్ళు నా బొట్టు చూసి దూరం నుంచే దండం పెడతారు. ఒక్కరూ ముట్టుకోరు. భక్తి అనుకునేరు! ముట్టుకుంటే వేలు లోపలికి దిగిపోతుంది.