వేడి మీద పోసిన మందు

పొద్దున తొమ్మిదిన్నరకు ల్యాబ్‌లో సాదియా ఇంక్యుబేటర్ తలుపు తీసింది. ఏమీ పెరగకూడని ప్లేటు మీద సూక్ష్మజీవులు గసగసాలు చల్లినట్టు పెరిగి ఉన్నాయి.

కరీంనగర్‌లోని ఆ యూనివర్సిటీలో నలుగురు విద్యార్థులు ఒక టీంగా చేరి, అద్దకం రంగులు వాగులో కలిస్తే పసిగట్టి ఎర్రబడే సూక్ష్మజీవిని తయారు చేస్తున్నారు. ఎర్రబడడం తర్వాతి మాట, ముందు దాని ఒంట్లోకి కొత్త జన్యువు ఎక్కాలి. ఎక్కిందో లేదో తెలియడానికి అది పెరిగే జావలో ఒక మందు కలిపి ప్లేట్లలో పోస్తారు. జన్యువు ఎక్కినవి బతుకుతాయి, ఎక్కనివి చస్తాయి.

కాచిన జావ సీసా చెయ్యి ఓర్చుకునేంత చల్లారాకే మందు కలపాలి. ముందే కలిపితే ఆ వేడికి మందే చచ్చి ఊరుకుంటుంది. మొదటి ఏడాది పిల్లలకు కూడా తెలిసిన సంగతే. కానీ పోయిన గురువారం నాలుగింటికి కరెంటు తీస్తారని కబురొచ్చింది. ఆ తొందరలో సాదియా సీసాను గుడ్డతో పట్టుకుని మరీ మందు పోసేసింది. రెండు రోజులకు ప్లేట్ల నిండా పెరిగాయి. టీం అంతా మిఠాయి తిన్నారు. సాదియాకు మాత్రం ఆ మిఠాయి గొంతు దిగలేదు. నిన్న ఎవరికీ చెప్పకుండా, మిగిలిన ప్లేటు మీద జన్యువు లేని మామూలు వాటిని రుద్ది పెట్టింది. అవీ చావలేదు. అంటే మందు పని చేయలేదు, వాళ్ళు గెలవనూ లేదు.

పదకొండింటికి సెమినార్ హాల్లో టీం పరిచయం. జాతీయ పోటీకి యూనివర్సిటీ పంపేది ఒక్క టీంనే, అదీ ఈరోజే తేలుతుంది. చెబితే నలుగురి ఏడాది కష్టం పోతుంది. చెప్పకుంటే తిన్న అన్నం అరగదు.

హాలు బయట టీం లీడర్ రంజిత్, సిరిసిల్ల నుంచి వచ్చిన తండ్రి సాంబయ్యకు కూర్చునే చోటు చూపించి వస్తున్నాడు. కొడుకు మాట్లాడేది చూడాలని ఆయన మరమగ్గాల పనికి సెలవు పెట్టి మరీ వచ్చాడు. సాదియా రంజిత్‌ను పక్కకు పిలిచి జరిగిందంతా చెప్పింది.

"ఇప్పుడా చెప్పుడు?" అన్నాడు రంజిత్.

"నాకే ఇప్పుడు తెల్సింది."

అతను తలూపి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తలూపుడుకు అర్థమేమిటో చెప్పి పోతే ఏం పోయింది?

నలుగురూ వేదిక ఎక్కారు, రంజిత్ పరిచయాలు మొదలుపెట్టాడు. ఒక్కో పేరుకూ చప్పట్లు. జన్యువును రూపొందించింది పెద్దపల్లి మమతారాణి అన్నాడు. చప్పట్లు. వాగులన్నీ తిరిగి నీళ్ళు పట్టుకొచ్చింది మంచిర్యాల అమీర్ అన్నాడు. చప్పట్లు. ముందు వరుసలో ముగ్గురు న్యాయనిర్ణేతలు ఏదో రాసుకుంటున్నారు. ఇక మిగిలింది తనే. అబద్ధమే చెప్పెయ్ రంజిత్, అని సాదియా మనసు సిగ్గు లేకుండా బతిమాలింది.

రంజిత్ చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఈమె సాదియా. ప్లేట్లు పోసేది ఈమెనే. మేం గెలిచినమని మీకు రాసిచ్చింది తప్పు, సార్. మందు వేడి మీద పడ్డది, పని చెయ్యలే. ఆ తప్పు పొద్దున ఈమెనే పట్టుకున్నది. మా దగ్గర ఇయ్యాల చూపెట్టనీకి ఏం లేదు."

ఈసారి చప్పట్లు లేవు. నడుమ కూర్చున్న మేడం పెన్ను మూసి, తర్వాతి టీంను సిద్ధంగా ఉండమంది. అమీర్ తల దించుకున్నాడు. మమతారాణి మొహం పక్కకు తిప్పుకుంది. సాదియాకు బరువు దిగిన హాయి, ఏడుపు ఒక్కసారే వచ్చాయి.

వెనక వరుస నుంచి ఒక్కరే చప్పట్లు కొడుతున్నారు. సాంబయ్య. ముప్పై ఏళ్ళు మగ్గాల మోతలో అరిగిపోయిన చెవులకు అంత దూరం మాట ఏం వినబడుతుంది? పిల్లలను ఒక్కొక్కరిని చూపించి చెప్పగానే కొట్టాలని మాత్రం చూసి నేర్చుకున్నాడు. ఈ అమ్మాయికి మిగతా వాళ్ళెందుకు కొట్టడం లేదో ఆయనకు అర్థం కాలేదు. పాపం చిన్నబోతుందని, ఆమె వైపు చూసి నవ్వుతూ, అందరి వంతూ తనే కొట్టాడు.