నూకమ్మ అందించిన మాటలు

త్రినాథరావు ఉక్కు కర్మాగారంలో క్రేను డ్రైవరు. 1981 ఎండాకాలం నుంచి అతను మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి ఆగిపోయేవాడు. ఆగిన ప్రతిచోటా భార్య నూకమ్మ మిగిలిన మాట అందించేది. అందువల్ల వాళ్లుండే కార్మికుల బస్తీ క్యాంప్ 2లో అతని జబ్బు ఎవరి కంటా పడలేదు. ఆమె నోరే అందరి కంటా పడింది.

“బావగారి మాటలు కూడా నువ్వే లాగీసుకుంతన్నావేటి దీదీ?” అని పొరుగింటి తులసమ్మ ఎత్తిపొడిచేది.

ఒక ఆదివారం అతను గంజి వారుస్తూ “నూకా, కాలు...” అని ఆగిపోయాడు. మిగతా మాట ఆమెకు తట్టేలోగా మరిగే గంజి ఆమె పాదం మీద పడింది. క్రేను కింద నిలబడేవాళ్లకు ఆ మాట ఎవరందిస్తారన్న భయంతో ఆమె అతన్ని డాక్టరు జ్ఞానప్రసూన దగ్గరికి తీసుకువచ్చింది.

“డ్యూటీకి ఎలా వెళ్తారు?” అని డాక్టరు అడిగారు.

“సైకిలు మీదండి. రైలు ఫాటక్ దాటీసి...”

“గేటు కాడికెల్తారండి,” అంది నూకమ్మ.

“మీరు అందించకండమ్మా. ఆయన ఆగడమే నాకు వినబడాలి.”

తరువాతి ప్రశ్నకూ అతను మధ్యలో ఆగాడు. మాట నూకమ్మ నాలుక చివరే ఉంది. చెబితే రేపు అతను క్రేను ఎక్కుతాడు. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఏమైంది?” అని డాక్టరు అతన్ని మెల్లగా అడిగారు.

“మాట బుర్రలోంచి ఎవులో తీసేత్తన్నారండి. తీసి దీనికిచ్చేత్తన్నారు. నాను ఆగగానే అదే మాట దీని నోట్లోంచి వస్తంది.”

క్రేను ఎక్కకూడదని డాక్టరు చీటీ మీద రాశారు. తానేమీ దొంగిలించలేదని భర్తకు చెప్పబోయిన నూకమ్మ, ‘ఈ మాటా నా బుర్రలోంచే తీశారు’ అని అతను అనుకుంటాడేమోనని, తెరిచిన నోరు మూసుకుంది.