కనకవ్వకు పంపిన మొదటి కబురు

నన్ను సంత దుకాణం నుంచి బయటికి తెచ్చిన పొద్దున తెల్లమబ్బులు గుంపులు గుంపులుగా తూర్పుకు నడుస్తున్నాయి. బీరుమల్లయ్య తలెత్తి వాటిని మందను చూసినట్టే చూశాడు.

నేను ఒక కొత్త ఫోనును. ఎక్కడో పెద్ద కర్మాగారంలో, చేతులకు తొడుగులు వేసుకున్న ఆడపిల్లలు దుమ్ము పడకుండా నా అద్దం బిగించారు. ఆ అద్దాన్ని ఈయన మొదటిరోజే గొంగడితో తుడిచి ఉన్ని జిడ్డు అంటించాడు.

ఆయన గొర్రెల కాపరి. ఊళ్లు తిరుగుతూ రాత్రిళ్లు రైతుల చేలలో మంద కడతాడు. ఎరువు వాళ్లకు, గింజలు ఈయనకు. పగలు తల్లి గొర్రెలు ఆయన వెంట మేతకు పోతాయి. పాలు తాగే గొర్రెపిల్లలు భార్య కనకవ్వ దగ్గర ఉంటాయి. పిల్లల్నీ సామాన్నీ గాడిద మీద వేసుకుని ఆమె సాయంత్రానికి మంద కట్టే చేనుకు చేరాలి. చేరకపోతే ఇక్కడ పొదుగులు సలుపుతాయి, అక్కడ పిల్లలు ఆకలికి అరుస్తాయి.

ఈమధ్య కనకవ్వకు చెవులు సరిగా వినిపించడం లేదు. బడికి పోయిన మనిషి కాబట్టి అక్షరాలు పంపితే చదువుతుందని నన్ను కొన్నాడు. ఆయన పాత మీటల ఫోను ఆమె నడుము సంచిలోకి పోయింది.

నాకు మీటలు లేవు. ఆయన మాత్రం గొర్రె కాలు పట్టినంత గట్టిగా బొటనవేలితో నొక్కేవాడు. నొక్కేకొద్దీ నాకు అర్థమయ్యేది కాదు.

"తాకితే సాలన్నడు గద దుకాణపోడు! గిదేం ఫోనురా!"

చివరికి, అప్పుడే పుట్టిన పిల్లకు పాలు అలవాటు చేసే చిటికెనవేలితో తాకాడు. అక్షరం పడింది.

ఒక మధ్యాహ్నం, ఆ రాత్రి మంద కట్టాల్సిన చేను రైతు మోటారుసైకిలు మీద వచ్చాడు.

"మల్లన్నా, మా చెల్కల నీళ్లు వారినయ్. ఇయ్యాల మోదుగుకుంట కాడ కట్టుకో" అని బండి ఆపకుండానే వెళ్లిపోయాడు.

కనకవ్వ అప్పటికే ఆ తడి చేనుకు బయలుదేరి ఉంటుంది. బీరుమల్లయ్య నన్ను తీశాడు. నాలో సిగ్నలు గీత ఒక్కటీ లేదు. మేమున్న లోయలో అందేది పాత టవరు ఒక్కటే. నెట్టు జోరుగా వస్తుందని దుకాణంవాడు నన్ను కొత్త టవర్లకే కట్టేశాడు. మందను కుక్కకు అప్పగించి ఆయన గుట్టెక్కాడు. పైన నాకు ప్రాణం వచ్చింది. చెమట చేతిని పంచెకు తుడుచుకుంటూ రాశాడు: "మోదుగుకుంట కాడికి రా."

జవాబు రాలేదు. మందను తోలుకుంటూ దారి పొడుగునా నన్ను తీసి చూస్తూనే ఉన్నాడు.

దారులు చీలేచోట కల్వర్టు మీద కనకవ్వ కూర్చుని ఉంది, పక్కన గాడిద.

"ఏందయ్యా, గీ డబ్బాలేంది?"

పాత ఫోనుకు తెలుగు రాదు. నా అక్షరాలన్నీ దాంట్లో ఖాళీ గళ్లుగా తేలాయి. మరి ఎట్లా ఆగావన్నట్టు ఆయన చెయ్యి తిప్పాడు.

"జాగ మారకుంటె నువ్వెందుకు కబురు జేస్తవ్? ఏ దిక్కువోవాల్నో ఎరుకలేక ఈడ్నే కూసున్న."

పిల్లల్ని దించారు. అన్ని అరుపుల మధ్యా ప్రతిదీ తన తల్లిని వెతుక్కుంది, ఏ టవరూ లేకుండానే.

కనకవ్వ నన్ను చేతిలోకి తీసుకుని మెల్లగా తాకింది. తాకిన ప్రతిసారీ అక్షరం పడింది. అక్షరం పడ్డప్పుడల్లా నవ్వింది. "గిసుంటిదే నీకొకటి తెస్త" అని బీరుమల్లయ్య ఆమె చెవి దగ్గర అరిచాడు. గొర్రెలు కూడా తిరిగి చూశాయి.

మోదుగుకుంట చేనులో మంద కట్టాక ఇద్దరూ ఒకే గిన్నె ముందు కూర్చున్నారు. జొన్నరొట్టె తుంచి పచ్చిపులుసులో ముంచుకుని తిన్నారు.