భీమన్న పందెం కాసిన మీసం

అయిజ ఊర్ల టాకీసు గేటుకాడ టికెట్లు చింపే భీమన్నకు ఆస్తి ఏమన్నా ఉందంటే ఆ మీసమే. బస్సు దుమ్ము లేపుకుంట పోతే సగం దుమ్ము ఆ మీసంలోనే ఆగిపోయేదట. ఆ వాడకట్టులో ఆడోళ్లకు వాకిలి ఊడ్చే పని తక్కువుండేదని చెప్పుకునేటోళ్లు. చూసినోళ్లు ఇప్పటికీ ఉన్నరు, కావాలంటే అడగుండ్రి.

రెండువేల ఆరులో, ఎర్రటి గ్రహం మీదికి పోయిన ఒక కెప్టెన్ సినిమా తెలుగు మాటలతోని ఆ టాకీసుకు వచ్చింది. భీమన్న ఒక్క ఆట ఇడువలేదు. గుహలోంచి లారీ అంత తేలు వస్తది. కెప్టెన్ దాని తోక పట్టి గిరగిరా తిప్పి చుక్కల్లోకి ఇసిరేస్తడు. ప్రతిసారీ మొదటి ఈల భీమన్నదే.

అదే సినిమాను ఆటగా చేసిన సీడీ ఒకటి, బస్టాండు పక్కనున్న సుభాన్ కంప్యూటర్ దుకాణానికి వచ్చింది.

"కాకా, మా దాంట్ల నీ కెప్టెన్ సస్తుండు," అన్నడు సుభాన్, చాయ్ అందించుకుంట.

"సావనీకె వానికేం రోగం? సినిమా అంతా నా కండ్ల ముంగటనే నడిచె గద!"

"ఇది ఆట కాకా, లెక్క ఏరే."

"సావడు బిడ్డా. సస్తే ఈ మీసం తీయిస్త, పో!"

దుకాణం నిండ ఉన్నోళ్లు ఆ మాట గట్టిగ పట్టుకున్నరు. భీమన్నను కుర్చీల కూసోబెట్టిండ్రు.

"గిది నొక్కితే నడుస్తడు, గిది నొక్కితే కొడ్తడు," అని సుభాన్ చూపించబోతే, భీమన్న చేతులు రెండూ చంకల్లో పెట్టుకున్నడు. "నాకెందుకు చెప్తవు? కెప్టెన్‌కు తెల్వదా?" ఇన్నేండ్లు టాకీసుల పనిచేసినోడు. తెర మీది మనిషికి కింద కూసున్నోడు చెయ్యి సాయం చేసుడు ఎన్నడన్న చూసిండా?

తేలు వచ్చింది. కెప్టెన్ నిలబడ్డడు.

"ఇగ చూడుండ్రి, తోక పడ్తడు!" అన్నడు భీమన్న.

తేలు ఇంకా దగ్గరికొచ్చింది. కెప్టెన్ అటు చూసిండు, ఇటు చూసిండు, గడ్డం గోక్కున్నడు.

"పట్టురా! తోక పట్టు!"

తేలు ఒక్క పోటు పొడిచింది. కెప్టెన్ ఎర్రమట్టిలో బోర్లపడ్డడు. లెవ్వలేదు.

భీమన్న నోరు తెరిచింది తెరిచినట్టే ఉన్నది. ఈగ దూరినా తెలిసేటట్టు లేదు. సుభాన్ దిక్కు తిరిగిండు. "సుభానూ... ఏమైందిర వీనికి?"

"నువ్వు నొక్కలేదు గద కాకా. నువ్వు నొక్కితేనే ఆయన కొడ్తడు."

"అంటే... నేనే సంపిన్నా?"

అందరూ మీసం దిక్కే చూస్తున్నరు.

మంగలి కుర్చీల కూసున్నంక భీమన్నకు ఇంకో గుబులు పట్టుకున్నది. మీసం ఒక్కటే తీయించి బజార్ల నడిస్తే అయిజ అంతా పగలబడి నవ్వుతది. అదే గుండు కూడా గీయించుకుంటే? ఇంట్ల పెద్దోళ్లు పోయిండ్రనుకొని తలలొంచుకుంటరు. "మొత్తం గియ్యి," అన్నడు.

ఉపాయం పారింది. దారి పొడుగునా ఒక్కడు నవ్వలేదు. అయితే ఇంటి కడప కాడ భార్య అంజమ్మ బియ్యం చెరుగుతుండె. గుండు చూసింది, మీసం లేని మూతి చూసింది. చాట కిందపడ్డది.

"ఓ బావా! మాసయ్య బావా! గిట్ల ఎట్ల పోతివి బావా!"

తిమ్మాజిపేటలో ఉండే భీమన్న అన్న మాసయ్య. ఆ ఇంటికి మిగిలిన పెద్దదిక్కు ఆయనొక్కడే. ఏడుపు ఇని వాడకట్టు అంతా ఉరికొచ్చింది. పక్కింటి జయరాజు, తిమ్మాజిపేట పోనీకె జీపు మాట్లాడొస్తనని సైకిలెక్కిండు.

గుండెకాయ లాంటి అన్న బతికుండంగనే సచ్చిండని ఏడుస్తున్నరు. భీమన్న చేతులు రెండూ పైకెత్తిండు.

"ఆపుండ్రి! పోయింది మా అన్న గాదు!"

"మరెవరయ్యా?" అన్నరు వాడకట్టోళ్లు.

"ఆ... కెప్టెన్. సుభాన్ దుకాణంల. నేనే సంపిన."

అంజమ్మ ఏడుపు గొంతులోనే ఆగిపోయింది. మిలిటరీ నుంచి వచ్చిన పెద్దమనిషెవరో అనుకున్నది పాపం. కొంగు నోట్ల కుక్కుకొని గోడకు జారగిలపడ్డది. చుట్టూ నిలబడ్డోళ్లు నాలుగడుగులు ఎనక్కి జరిగిండ్రు.

ఆ మాట చెవిన పడ్డ జయరాజు సైకిలు జీపుల అడ్డా దిక్కు పోలేదు. పోలీసు ఠాణా దిక్కు మళ్లింది.