హ్యాంగ్ అయిపోనాదండీ!

మౌస్ బాణం మళ్ళీ మాయమైంది.

బిందుమాధవి మౌస్‌ని బల్ల మీద అటూ ఇటూ రుద్దింది. టాబ్ మీద ఎక్కడా లేదు. అంటే పెద్ద తెర మీదికి పోయిందన్నమాట. తలెత్తి చూసింది. గ్రౌండ్ అవతల మేడంత ఎత్తున నిలబెట్టిన ఎల్‌ఈడీ తెర మీద, స్కోరు బోర్డు మధ్యలో ఆ తెల్ల బాణం ఈగలా తిరుగుతోంది.

"అక్కోయ్! ఈగ వాలింది, తోలీ!" జనంలోంచి ఎవరో అరిచారు. చుట్టూ నవ్వులు.

ఆమె పళ్ళు కొరికింది.

నూకాలమ్మ జాతరకు పెట్టిన కబడ్డీ పోటీల ఫైనల్ అది. అనకాపల్లికీ రోలుగుంటకీ మధ్య. గెలిచిన జట్టు రాష్ట్ర జూనియర్ పోటీలకు వెళ్తుంది. అనకాపల్లి తరఫున కూతకు వెళ్ళేవాళ్ళలో మొనగాడు మోహిత్, బిందుమాధవికి సొంత తమ్ముడు. పోయిన రెండేళ్ళూ ఫైనల్లోనే ఓడిపోయాడు. వచ్చే ఏడాదికి వాడికి జూనియర్ వయసు దాటిపోతుంది. పొద్దున్న టిఫిన్ కూడా ముట్టుకోకుండా బూట్ల తాళ్ళు బిగించుకుంటూ, "ఈసారీ పోతే ఆట మానీసి మార్కెట్లో బెల్లం దిమ్మలు మోత్తానక్కా" అన్నాడు. నవ్వుతూ అనలేదు.

భర్త నానాజీతో కలిసి ఆమె గవరపాలెంలో ఫొటో స్టూడియో నడుపుతోంది. ఈ పోటీలకు స్కోరు, రీప్లే, యూట్యూబ్ లైవ్ అన్నీ తామే చూసుకుంటామని ఒప్పుకున్నారు. సరిగ్గా రెండు రోజుల ముందు ల్యాప్‌టాప్ చచ్చిపోయింది.

"టాబ్ ఉంది కదే! పెద్ద తెరకి కలిపితే అదే ల్యాప్‌టాప్. నాలుగు పన్లు ఒకేసారి సేసుకోవొచ్చు" అన్నాడు నానాజీ. అని, తను మాత్రం ఫోన్ కెమెరా పట్టుకుని కోర్టు చివర స్టాండు దగ్గర హాయిగా నిలబడ్డాడు. నాలుగు పనులూ ఈమెకు మిగిలాయి.

పెద్ద తెర మీద స్కోరు. టాబ్ మీద ఎడమవైపు లైవ్, కుడివైపు నానాజీ ఫోన్ నుంచి వచ్చే కెమెరా దృశ్యం. ఫోన్‌లో మెమరీ లేక రికార్డింగ్ కూడా టాబ్‌లోనే అవుతోంది. వీటన్నిటి వెనక దాతల ఫొటోలు. స్కోరు మార్చబోతే అంకెలు లైవ్ కింద కామెంట్లలో పడుతున్నాయి. "28" అని ఆమె పేరు మీదే కామెంటు వెళ్ళింది. దాని కింద ఎవరో "ఏటి, నీ వయసా?" అని అడిగారు. కేబుల్ కాస్త కదిలితే చాలు, పెద్ద తెర మీదున్న విండో వచ్చి టాబ్ మీద కూర్చుంటోంది, ఇంకేదో యాప్ మూసుకుపోతోంది. రెండో సగం మొదట్లో అలాగే లైవ్ తెగిపోయింది. మళ్ళీ పెట్టే తీరిక దొరకలేదు. ఏప్రిల్ ఎండకి టాబ్ వెనకభాగం అట్లపెనంలా కాలుతోంది.

వీటన్నిటికీ మించిన బాధ సూర్యనారాయణ. పోటీలు పెట్టిన కమిటీకి పెద్ద. చేతిలో మైకు, జేబులో ఫోను. ఆట ఆగినప్పుడల్లా బల్ల దగ్గర ప్రత్యక్షం.

"అమ్మా బిందూ, కాసులమ్మగారి ఫొటో పంపేను. పెద్దగా ఏసీమ్మా. షీల్డులన్నీ ఆవిడిచ్చినవే. ముందు వరసలోనే కూకున్నారు, సూత్తన్నారు."

వేసింది. కేబుల్ సర్దుతూ టాబ్‌ని కాస్త ఎత్తేసరికి ఫొటో తిరిగిపోయింది. మేడంత తెర మీద కాసులమ్మగారు అడ్డంగా పడుకుని జనాన్ని చూస్తున్నారు.

"ఏటమ్మా ఇది! ఆవిణ్ణి మంచం ఎక్కించీసేవు!"

"ఉండండి బాబూ, తిప్పుతన్నాను."

"తిప్పీసి, మా బావమరిది ఫొటో కూడా..."

అప్పుడే ఆ మాట మొదటిసారి ఆమె నోట్లోంచి వచ్చింది.

"హ్యాంగ్ అయిపోనాదండీ."

మందులా పనిచేసింది. సూర్యనారాయణ గొంతు తగ్గించి, రోగి పక్కన నిలబడ్డట్టు టాబ్ వంక జాలిగా చూసి వెళ్ళిపోయాడు. పైగా మైకులో చెప్పాడు. "ప్రేక్షక మహాశయులు సహకరించాలి. మన టాబ్ హ్యాంగ్ అయినాది."

చెవిలో ఇయర్‌ఫోన్‌లోంచి నానాజీ అడిగాడు. "హ్యాంగ్ అవనేదు కదే? నాకు బానే కనిపిత్తంది."

"నువ్వూరుకో బావా. ఆయన పోయేడు, అదే సాలు."

తర్వాత ఆయన ఫొటోతో వచ్చిన ప్రతిసారీ అదే మందు వేసింది. ఆయన ప్రతిసారీ మైకులో చెప్పాడు. ఆట చివరికొచ్చేసరికి బిందుమాధవి టాబ్ హ్యాంగ్ అవుతుందన్న సంగతి గ్రౌండులో చెరకు రసం బండివాడికి కూడా తెలుసు.

స్కోరు సమానమైంది. మిగిలింది ఒక్క కూత.

మోహిత్ మధ్య గీత దాటాడు. కబడ్డీ, కబడ్డీ అంటూ కుడి మూలకి జారాడు. మూలలో రోలుగుంట కుర్రాడు అప్పలరాజు వంగి కాచుకుని ఉన్నాడు. మోహిత్ చెయ్యి విసిరాడు. అప్పలరాజు వెనక్కి వంగాడు. మిగతావాళ్ళు మీద పడేలోపే మోహిత్ కోర్టు పక్కనున్న సన్నటి పట్టీ, లాబీలోకి దూకి, తిరిగి మధ్య గీత దాటి, రెండు చేతులూ పైకెత్తాడు.

"తగిలింది! పాయింట్!"

"తగల్లేదు! ముట్టుకోకుండా లాబీలో అడుగెట్టేడు, అవుట్!" అప్పలరాజు అరిచాడు.

తగిలితే అనకాపల్లి గెలిచినట్టు. తగలకపోతే మోహిత్ అవుటై రోలుగుంట గెలిచినట్టు. రిఫరీ కృపాకర్ మాస్టారికి మధ్యలో ఆటగాళ్ళు అడ్డొచ్చారు. ఆయన బిందుమాధవి వైపు తిరిగి, గాలిలో వేలితో చతురస్రం గీశాడు. రీప్లే.

గ్రౌండంతా ఆమె వైపు తిరిగింది.

ఆమె కుడివైపు విండోలోని రికార్డింగ్‌ని వెనక్కి లాగి, టాబ్ మీదే ముందు చూసుకుంది. నెమ్మదిగా, ఒక్కో ఫ్రేమూ. మోహిత్ చెయ్యి వస్తోంది. అప్పలరాజు భుజం వెనక్కి పోతోంది. చెయ్యి చివరిదాకా చాచుకుంది, ఆగింది. వేళ్ళకీ భుజానికీ మధ్య వెనకనున్న ఇసుక స్పష్టంగా కనిపిస్తోంది.

తగల్లేదు.

నీళ్ళ సీసా కోసం వచ్చినట్టు మోహిత్ బల్ల మీదికి వంగాడు. చెమట చుక్క టాబ్ మీద పడింది. వాడు తెర వైపు చూడనైనా చూడలేదు.

"అక్కా, హ్యాంగ్ అయిపోనాదని సెప్పీ."

"ఏట్రా?"

"పొద్దున్నించీ సెప్తన్నావు కదా. ఇంకోపాలి సెప్పు. అందరూ నమ్ముతారు. రీప్లే నేకపోతే ఇంకో కూత ఇత్తారు. ఈపాలి కొట్టీసి వత్తాను."

సీసా తీసుకుని వెళ్ళిపోయాడు.

ఒక్క మాట. కొత్తగా కల్పించక్కర్లేదు, ఇంతవరకూ అన్నదే. బిందుమాధవి నోరు తెరిచింది కూడా. కోర్టులో జనం అప్పలరాజుని ఎగతాళి చేస్తున్నారు. "దొంగ ఏడుపులు సాలించరా!" అంటున్నారు. వాడు జెర్సీ కాలరు పైకి లాగి కళ్ళు తుడుచుకుంటూ కృపాకర్ మాస్టారి చుట్టూ తిరుగుతున్నాడు. "నూకాలమ్మ మీదొట్టు మాస్టారూ, నన్ను ముట్టుకోనేదు. బొమ్మ సూడండి, మీకే తెలుత్తాది. ఆ అక్క సూపిత్తాది."

ఆ అక్క.

ఉదయం నుంచీ ఆమెకు ఏం వెయ్యాలో చెప్పనివాడు లేడు. ఈ ఫొటో వెయ్యి, ఆ పేరు వెయ్యి, తిప్పు, పెంచు. ఇప్పుడు తమ్ముడు కూడా. ఈ ఒక్క బొమ్మా ఎవరూ చెప్పకుండా తనే వేస్తుంది. ఆమె విండో పైనున్న మూడు చుక్కలు నొక్కి, పెద్ద తెర మీదికి పంపే గుర్తు మీద వేలు పెట్టింది.

ఏమీ జరగలేదు.

మళ్ళీ నొక్కింది. మౌస్‌తో నొక్కింది. బాణం కదల్లేదు. ఏ విండో కదల్లేదు. టాబ్ కాలిపోతోంది. పెద్ద తెర మీద స్కోరు బోర్డు బండరాయిలా ఉండిపోయింది. ఆమె నొక్కింది, నొక్కింది, నొక్కింది.

"ఏమ్మా?" కృపాకర్ మాస్టారు కేకేశాడు.

"మాస్టారూ... హ్యాంగ్ అయిపోనాదండీ."

కోర్టు మధ్యలో మోహిత్ ఆమెకేసి చూసి, నడుము దగ్గర ఎవరికీ కనబడకుండా బొటనవేలు ఎత్తాడు. వాడి మొహంలో ఆ కృతజ్ఞత చూసి ఆమెకు టాబ్ నేలకేసి కొట్టాలనిపించింది.

"నిజంగా అయిందండీ! ఈసారి నిజంగా!"

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"ఈసారి నిజంగానా? మరి ఇందాకటియ్యి ఏటి?" రోలుగుంట వైపు నుంచి ఒకడు లేచాడు. "తమ్ముడు కూతకెల్తే అక్కకి హ్యాంగ్!"

"పాయకరావుపేట నుంచి అద్దెకి తెచ్చేరంట ఈ తెర! కాసులమ్మగారిని పడుకోబెట్టడానికా?"

రోలుగుంటవాళ్ళు కుర్చీలు తోసుకుంటూ బల్ల వైపు వచ్చారు. సూర్యనారాయణ మైకులో "శాంతి, శాంతి" అన్నాడు. తర్వాత మైకు పక్కకి పెట్టి ఆమె చెవిలో అన్నాడు. "మంచిపని సేసేవమ్మా. అలాగే ఉంచు. ఇంకో కూత ఎట్టించీద్దాం. మనూరే గెలవాలి."

ఆయన కూడా నమ్మలేదు. గ్రౌండు మొత్తంలో ఒక్కడు కూడా నమ్మలేదు.

"బావా! ఏటి సెయ్యను?" ఇయర్‌ఫోన్‌లో అరిచింది.

"కేబుల్ పీకీ. రెండు తెరల బరువు మొయ్యనేకపోతంది. పీకితే టాబ్ ఊపిరి తీసుకుంటాది."

"కేబుల్ కదిల్తే యాప్ మూసుకుపోతంది కదా! రికార్డింగ్ పోతే?"

నానాజీ గొంతు తగ్గించాడు. "పోతే పోద్ది" అన్నాడు. "మీ తమ్ముడికి మంచిదే కదా."

పోతే నిజంగా ఎవరికీ ఏమీ తెలియదు. ఆమె కూడా అబద్ధం ఆడినట్టు కాదు. కేబుల్ పట్టుకున్న ఆమె చెయ్యి అది పోవాలని కోరుకుందో, ఉండాలని కోరుకుందో ఆమెకే తెలియలేదు. కళ్ళు మూసుకుని లాగేసింది.

టాబ్ నల్లబడింది. వెలిగింది. స్కోరు బోర్డు పోయింది, ఫొటోలు పోయాయి. తెర మధ్యలో ఒకే ఒక్క విండో మిగిలింది. అందులో మోహిత్ చెయ్యి, అప్పలరాజు భుజం, మధ్యలో ఇసుక.

ఆమె టాబ్‌ని చీరకొంగులో పట్టుకుని, వేడికి చేతులు మార్చుకుంటూ, జనాన్ని తోసుకుని కోర్టులోకి నడిచింది. కృపాకర్ మాస్టారి ముందు పెట్టింది. ఇద్దరు కెప్టెన్లూ తలలు ఆనించి వంగారు. మోహిత్ దూరంగా నిలబడిపోయాడు. అక్క నిజంగా తెస్తోందని వాడికి అప్పుడే అర్థమైంది.

మాస్టారు ఒకసారి చూశాడు. ఇంకొకసారి చూశాడు. అనకాపల్లి కెప్టెన్ నెమ్మదిగా నిటారుగా లేచి తల పక్కకి తిప్పుకున్నాడు.

విజిల్ మోగింది. మాస్టారి చెయ్యి రోలుగుంట వైపు లేచింది.

అప్పలరాజుని వాళ్ళవాళ్ళు భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఇందాక ఆమెను తిట్టినవాడే దారిలో ఎదురై, "సారీ అక్కా" అని పరిగెత్తాడు. అనకాపల్లివాళ్ళు ఆమెను చూసి పక్కకి తప్పుకున్నారు.

"అమ్మా, అయిందేదో అయింది" అన్నాడు సూర్యనారాయణ మొహం ముడుచుకుని. "షీల్డు ఇచ్చినప్పుడు వెనకాల కాసులమ్మగారి ఫొటో ఉండాలి. ఆ వాయరు ఎట్టు."

పెట్టింది. ఆమె ఇందాక నొక్కిన నొక్కుళ్ళన్నీ ఎక్కడ దాక్కున్నాయో, ఒక్కసారిగా బయటికొచ్చాయి. రీప్లే విండో తనంతట తానే పెద్ద తెర మీదికి ఎగిరి, తెరంతా నిండిపోయి, నెమ్మదిగా ఆడటం మొదలుపెట్టింది. మేడంత మోహిత్ చెయ్యి చాచాడు. తగల్లేదు. మళ్ళీ మొదటికొచ్చింది. చెయ్యి చాచాడు. తగల్లేదు.

"ఆపమ్మా!"

ఆమె కేబుల్ పీకేసింది. తెర ఆరిపోలేదు. సిగ్నల్ పోతే ఆఖరి బొమ్మని అలాగే పట్టుకుని ఉంచే రకం అది. చెయ్యి, భుజం, మధ్యలో మనిషి పట్టేంత ఖాళీ, అన్నీ అక్కడే నిలిచిపోయాయి. తెర తెచ్చినవాడు చెరకు రసానికి వెళ్ళాడు. ఆ బొమ్మ కిందే కాసులమ్మగారు అప్పలరాజుకి షీల్డు ఇచ్చారు. ఫొటోలన్నిట్లోనూ వెనకాల మోహిత్ చెయ్యే పడింది.

సంచీ భుజాన వేసుకుని మోహిత్ బల్ల దగ్గరికొచ్చాడు. తెర వైపు చూస్తూ నిలబడ్డాడు.

"హ్యాంగ్ అయిపోనాదన్నావు కదక్కా."

"నిజంగానే అయింది రా."

"అయితే అలాగే వదిలీవలిసింది కదా."

వాడు తెర వెనక్కి నడిచాడు. జనరేటర్ తాళం తిప్పాడు. పెద్ద తెర ఒక్కసారిగా నల్లబడింది. వాడు అటునుంచి అటే గేటు దాటి, రోడ్డెక్కాడు. స్కూటీ వెనక ఎక్కమని ఆమె పిలుద్దామనుకుంది. తీసిన తాళాలు మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

"ఒరే, ఎవుడ్రా అది ఆపీసినోడు? ఇంకా కాసులమ్మగారి ఫొటో పడనేదు!" సూర్యనారాయణ మైకు లేకుండానే అరుస్తున్నాడు.

బల్ల మీది టాబ్‌లో బాణం ఆమె మౌస్ కదిపినట్టల్లా కదులుతోంది. ఏది నొక్కితే అది తెరుచుకుంటోంది. పొద్దున్నించీ లేనంత చురుగ్గా ఉంది.